ఖాళీ బండి కుదుపు

మార్చి 3, సోమవారం

పొద్దున మబ్బు, తర్వాత ఎండ. బండికి ట్రైలర్ తగిలించే హిచ్‌కి గ్రీజు పెట్టాను.

పికప్ టైర్లు నాలుగూ అయిపోయాయి. వెనకవాటి పక్క గోడలకి, అదే సైడ్‌వాల్ మీద, మడమ పగుళ్లలా వచ్చాయి. నిన్న రేవులో పడవని ట్రైలర్ మీదకి ఎక్కించి లాగుతుంటే, తడి ర్యాంపు మీద చక్రాలు ఊరికే తిరిగాయి. ఇంక ఆగే పని కాదు.

పక్క సీట్లో తాళ్లు, టార్పాలిన్ పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఆవిడకి నడుము ఆపరేషన్ అయినప్పటి నుంచీ అంతే. అంతకు ముందు ఏ లోడుకైనా ఇద్దరం వెళ్లేవాళ్లం. నేను రివర్స్ చేస్తుంటే తను వెనక నిలబడి, బండిని అరచేత్తో కొట్టి చెప్పేది. ఒక దెబ్బకి ఆగాలి, రెండు దెబ్బలకి రావాలి. కస్టమర్లతో మాటలన్నీ తనవే. ఇప్పుడు ఒక్కణ్నే వెళ్తుంటే, పడవల వర్క్‌షాపు మేస్త్రీ మా బావమరిదిని అడిగాడట, మీ బావగారికి మాటలు రావా అని.

డాక్టరు బండి ఎక్కొచ్చన్నాడు. కుదుపులు మాత్రం తగలకూడదన్నాడు.

మార్చి 4, మంగళవారం

ఎండ. టైర్ల షాపుకి వెళ్లాను. షాపు బావమరిదిదే.

టైరు మీద అచ్చు అక్షరాలు చదవడం నాకు నేనే నేర్చుకున్నాను. అందుకని వాడు నాకు లెక్చర్ ఇవ్వడు, వేళాకోళం ఆడతాడు. మూడు రకాలు దొర్లించుకొచ్చాడు. ఒకటి మొరటు గళ్లది, బురదలో బాగుంటుంది, తారురోడ్డు మీద తేనెటీగల్లా రొద. అది వద్దన్నాను. రెండోది పది ప్లై, అంటే పది పొరల గట్టిది, ట్రైలర్ లాగేవాళ్లు వేసుకునేది. సైడ్‌వాల్ బొటనవేలితో నొక్కితే రాయి. మూడోది కార్లకి వేసే మెత్తటి రకం. దాని మీద వెళ్తే సోఫాలో కూర్చున్నట్టే ఉంటుంది బావా, కానీ వెనక పడవ బరువు పడితే సైడ్‌వాల్ మెలికలు తిరుగుతుంది, ట్రైలర్ కుక్కతోకలా ఊగుతుంది అన్నాడు.

పది ప్లైకి కుదుపు ఎంత అని అడిగాను. ఖాళీగా వెళ్తే కట్టుడు పళ్లు ఊడి ఒళ్లో పడతాయన్నాడు.

మెత్తటి రకం గురించి ఇంకోసారి అడిగాను. వాడు నా మొహంలోకి చూశాడు. రేపు చెప్తానని వచ్చేశాను.

మార్చి 5, బుధవారం

రోజంతా వాన. బేరాల్లేవు. టైర్ల గురించే ఆలోచన.

మార్చి 6, గురువారం

ఏ టైర్లు తీసుకున్నారని ఆవిడ అడిగింది. ఇంకా తేల్చుకోలేదన్నాను. నన్ను చేసుకునేటప్పుడు కూడా ఇంత ఆలోచించలేదు కదా మహానుభావా అంది. అప్పుడు రకాలు లేవు అన్నాను. చాలాసేపు నవ్వింది. నవ్వితే నడుం పట్టుకుంటుంది, అయినా నవ్వింది.

మార్చి 8, శనివారం

వాన వెలిసింది. ఎయిర్ ఫిల్టర్ దులిపాను.

పది ప్లై వేయించాను, నాలుగూ. లోడు లాగే బండికి ఇంకో మాట లేదు. పైన ట్రెడ్ గళ్లు కూడా తడిలో పట్టు ఉండేవే తీసుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి తెలిసింది, వాడన్నది వేళాకోళం కాదు. స్పీడు బ్రేకరు ఎక్కితే తల టాపుకి తగిలింది. ఇందులో తనని కూర్చోబెట్టలేను.

వెనక్కి వెళ్లి మళ్లీ బావమరిదినే అడిగాను. ఖాళీగా ఉన్నప్పుడు గాలి కొంత తగ్గించుకోవచ్చు, కానీ ట్రైలర్ తగిలించే ముందు మళ్లీ నింపి తీరాలి బావా, మర్చిపోతే నీ అంత తెలివితక్కువవాడు ఉండడు అన్నాడు. సరే అన్నాను. వాడు చెప్పినంత తగ్గించాను. ఇంటి దగ్గర ఇంకాస్త తగ్గించాను.

మార్చి 9, ఆదివారం

చల్లగాలి. బండి లోపలంతా తుడిచాను.

కొత్త టైర్లు చూస్తావా అన్నాను. చూడ్డానికేముంది, నల్లగా గుండ్రంగా ఉంటాయి అంది. అంటూనే చెప్పులేసుకుంది.

మెయిన్ రోడ్డు చివరిదాకా వెళ్లాం. ఏ గుంటా తెలియలేదు. తను కిటికీ దించి మోచెయ్యి బయట పెట్టింది. రేవు వాచ్‌మన్ గారిని పిలిచి, ఆయన మోకాలి నొప్పి మొదలు ఆయన మనవరాలి పరీక్షల దాకా అన్నీ కనుక్కుంది. నేను స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. చాలా బాగుంది.

మార్చి 10, సోమవారం

ఎండ, ఈదురుగాలి.

రాయాలని లేదు. రాస్తాను.

తనని మందుల షాపుకి తీసుకెళ్లి వస్తుంటే మేస్త్రీ ఫోన్ చేశాడు. రేవులో పడవ నీళ్లు తాగుతోంది, వెంటనే వర్క్‌షాపుకి తెచ్చి పడెయ్యాలన్నాడు. రేవు దగ్గర్లోనే ఉన్నాం. ట్రైలర్ అక్కడి షెడ్డులోనే ఉంది. పోదాం పదండి, నేనేం గాజుబొమ్మనా అంది.

నేను రివర్స్ చేస్తుంటే తను దిగి వెనక్కి వెళ్లింది. రెండు దెబ్బలు. మళ్లీ రెండు. తర్వాత ఒకటి. ట్రైలర్ హిచ్ సరిగ్గా బండి వెనక ఉక్కు బంతి మీద కూర్చుంది. ఇన్ని నెలల తర్వాత ఆ చప్పుడు విని ఇంకేం గుర్తులేదు నాకు. పిన్ను పెట్టాను, చైన్లు తగిలించాను, లైట్లు చూశాను. గాలి నింపడం మాత్రం మర్చిపోయాను.

పడవ ఎక్కించుకుని బయల్దేరాం, వంతెన దాటాక మలుపులో ట్రైలర్ ఊగింది. ఎడమకి, కుడికి, మళ్లీ ఎడమకి. అద్దంలో పడవ మాకంటే ముందుకి వచ్చేలా కనపడింది. బ్రేకు తొక్కలేదు. యాక్సిలరేటర్ వదిలి స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను. దానంతటది సర్దుకుంది. పక్కకి తీసి ఆపాను. వెనక టైరు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది.

తను దిగింది. అణిగిపోయిన టైర్ల వంక చూసింది, నా వంక చూసింది. సీటు వెనక ఉన్న పంపు వైపు వేలు చూపించింది. 

టైర్లు చల్లారాక పంపు తగిలించాను. గాలి కొలిచే గేజి తనే పట్టుకుంది. తర్వాత వర్క్‌షాపు దాకా బండి గీతలా నడిచింది.

మార్చి 11, మంగళవారం

ఎండ. తన తమ్ముడికి ఫోన్ చేసింది. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. అంతా చెప్పేశాడు. మెత్తటి రకం రెండుసార్లు అడిగానని కూడా.

నా నడుం కోసం ఇద్దరి ప్రాణాలూ ఊరివాళ్ల పడవా పణం పెడతారా అంది. మెత్తగా ఉంటే వస్తానని నేనెప్పుడైనా అన్నానా అంది. నువ్వు లేకపోతే బాగోలేదు, రా అని ఒక్క మాట అంటే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా అంది.

 బండి కడిగాను. కడిగిన బండే మళ్లీ కడిగాను.

మార్చి 12, బుధవారం

వంటలో ఉప్పు లేదు. అడగలేదు.

మార్చి 13, గురువారం

మబ్బు. మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పాను. ఒక్కణ్నే వెళ్తుంటే బాగోలేదు అన్నాను.

ఏం బాగోలేదంట, అంది. పక్క సీటు ఖాళీగా ఉంటే ఎటు చూడాలో తెలియడం లేదు అన్నాను. మేస్త్రీ నన్ను మూగవాడు అనుకుంటున్నాడని కూడా చెప్పాను. ఒక్కపూటలో ఇన్ని మాటలా, కాస్త మంచినీళ్లు తాగండి అంది. గ్లాసు నా వైపు జరిపింది.

నేను తాగుతుంటే అడిగింది. మొన్న గాలి నిండా కొట్టాక పడవతో వెళ్లాం కదా, అప్పుడు నాకు ఒక్క కుదుపూ తగల్లేదే, ఎందుకని. వెనక బరువు ఉంటే కమాను స్ప్రింగులు కిందికి దిగుతాయి, మెత్తగా పోతుంది, ఖాళీగా వస్తేనే ఎగరేస్తుంది అన్నాను. నిండుకుండ తొణకదన్నమాట అంది.  అయితే ఖాళీగా రావడం ఎందుకు, అంది.

నా ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లింది. సాయంత్రం దాకా మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

మార్చి 15, శనివారం

ఎండ. వైపర్ బ్లేడ్లు మార్చాను.

ఇన్నేళ్లూ వర్క్‌షాపు నుంచి ఖాళీగా తిరిగొచ్చేవాణ్ని. ఒక్క మాట అడిగితే సరుకు దొరుకుతుందని నాకు తోచలేదు. అడగడం అంటేనే నాకు కష్టం కదా. తను రెండు రోజుల్లో నాలుగు లోడ్లు కుదిర్చింది. బావమరిది ఫోన్ చేసి, పాత టైర్లేమైనా పంపిస్తావా అని అక్క నన్ను కూడా అడిగింది బావా, నా షాపులో లోడు దొరక్కపోతే నన్నే ఎక్కించేట్టుంది అన్నాడు.

లోడు లేని రోజు రానని కచ్చితంగా చెప్పింది. గాలి తగ్గించనని నేనూ మాటిచ్చాను. డాక్టరుని అడిగాం. సరే అన్నాడు, మధ్యలో దిగి కాస్త నడవమన్నాడు.

మార్చి 17, సోమవారం

తెల్లారి చినుకులు, ఇప్పుడు లేవు. టైర్లు నాలుగింటికీ గాలి సరిపోయింది. వీల్ నట్లు ఇంకోసారి బిగించాను. వెళ్లేటప్పుడు పడవ, వచ్చేటప్పుడు ఎవరిదో బీరువా. వైపర్ ట్యాంకులో నీళ్లు పోయాలి.

హారన్ మోగుతోంది. బండి దగ్గర ఎవరూ లేరే అనుకుని కిటికీలోంచి చూశాను. నాకంటే ముందే ఎక్కి బెల్టు పెట్టుకుని కూర్చుంది. ఫోన్లో ఎవరికో బీరువా తలుపులు తాడుతో కట్టి ఉంచమని చెబుతోంది, రెండో చెయ్యి హారన్ మీద. నీళ్లు దారిలో పోస్తాను.