విడిగా చేసి పంపండి

మార్చి 9, ఆదివారం

మరదలికి,

వదిన ఆశీస్సులు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ పాపా ఎలా ఉన్నారని అడగడానికి చెయ్యి రావడం లేదు. తమ్ముడు పోయి నెల తిరగలేదు, క్షేమసమాచారాలు అడిగే ముఖం నాకెక్కడిది.

లాప్‌టాప్ భద్రంగా చేరింది. గుడ్డముక్కలు కలిపి నువ్వే కుట్టిన సంచి కాబోలు, ఒక్క గీత కూడా పడలేదు. పాప ఫొటోలన్నీ వేరే డిస్కులోకి ఎక్కించాను. రెండూ వచ్చే వారం పంపిస్తాను.

ఉత్తరంలో ఒక్కటే అడిగావు. ఆస్పత్రి మంచం మీద రెండ్రోజులు ఏదో టైపు చేశాడనీ, అక్కకి పంపేశాను, ఇక తనే చూసుకుంటుంది అని హాయిగా నిద్రపోయాడనీ, మర్నాడు మళ్లీ లాప్‌టాప్ అడిగి, వేళ్లు ఆడినంతసేపూ కొడుతూనే ఉన్నాడనీ రాశావు. అది నాకు చేరిందా అన్నావు. ఫోన్లో చెప్పిందే మళ్లీ చెబుతున్నాను, నాకేమీ చేరలేదు. ఏదో పాత పని అయ్యుంటుంది.

మా గొడవేమిటో మాత్రం నీకు తెలియాలి. వేలమంది తమ కంప్యూటర్లలో పెట్టుకునే సాఫ్ట్‌వేర్‌నంతా ఒకచోట చేర్చి అందించే సంస్థ మాది. అందులో ఒక ప్రోగ్రామింగ్ భాషకి సంబంధించిన ప్యాకేజీలన్నిటికీ కాపలా నేను. కోటు కుట్టేముందు ఏ దారం, ఏ లైనింగు, ఎన్ని గుండీలు కావాలో చీటీ రాసి గుడ్డకి పిన్ను పెడతావే, అలాగే ప్రతి ప్యాకేజీకీ, అది నడవడానికి ఇంకా ఏమేం కావాలో ఒక చీటీ ఉంటుంది. నాకు చీటీల పంతులమ్మ అని పేరు పెట్టింది మీ ఆయనే. వాడూ ఇక్కడే పనిచేసిన మూడేళ్లూ ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చున్నాం. వాడు వదిలి వెళ్లిన, చెవి విరిగిన కప్పులో ఇప్పుడు నా పెన్నులున్నాయి.

వాడు రాసిన లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాములు అరువు తెచ్చుకుని వాడుకునే కోడు ముక్క, చాలా చిన్నది. రెండు తేదీల మధ్య ఎన్ని రోజులో చెబుతుంది, అంతే. కానీ నలభై ఒక్క ప్యాకేజీలు తమ చీటీల్లో దాని పేరు రాసుకున్నాయి. రెండేళ్ల కిందట, ఇంకెవరిదో లైబ్రరీని తన దాంట్లోనే కలిపి కుట్టేసి పంపాడు. మా దగ్గర అది కుదరదు. ఎవరిది వాళ్లది విడి ప్యాకేజీగా ఉండాలి. లేకపోతే దాంట్లో చిల్లు పడిన రోజున ఎక్కడెక్కడ అతుకు వెయ్యాలో ఎవరికీ తెలియదు. తిప్పి పంపాను. సొంత తమ్ముడికైనా ఇంతేనా అని అందరూ చూసే మెయిల్లో రాశాడు. ఇంతేనని నేనూ అందరి ముందే రాశాను. వాడు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు, నేను పట్టినదానికి అవి కూడా లేవు. ఆ రోజు నుంచి మాటల్లేవు. జబ్బు సంగతి నాకు చెప్పొద్దని నీచేత ఒట్టు వేయించుకున్నాడు కాబట్టి నిన్ను ఏమీ అనను.

ఈ జనవరిలో ఆ భాష కొత్త వెర్షన్ వచ్చింది. వాడి లైబ్రరీ దాంతో నడవలేదు. నెలాఖరులోగా బాగుచెయ్యకపోతే అదీ, దాని మీద ఆధారపడ్డ నలభై ఒక్కటీ బయటికి పోతాయని నోటీసు పంపాం. గడువు దాటింది, తీసేశాను. నిబంధన ప్రకారమే చేశాను.

రోజంతా కుట్టుమిషను ముందే కూర్చోకు. వేళకి తిను. పాపకి ముద్దులు.

ఇట్లు,
నీ వదిన

తా.క. అంటించిన కవరు చించి ఇది రాస్తున్నాను. నీకు అబద్ధం చెప్పాను. చేరింది.

జనవరి 28న, గడువుకి మూడు రోజుల ముందే చేరింది. లైబ్రరీని చక్కగా బాగుచేశాడు. కానీ పాతసారి లాగే ఆ రెండో లైబ్రరీని లోపలే ఉంచాడు. తనిఖీ చేసే మా యంత్రం ఎర్ర గుర్తు పెట్టింది. మళ్లీ నాతో పంతానికి దిగాడనుకున్నాను. వాడు జతచేసిన నోటు తెరవను కూడా లేదు. ముక్కూ మొహం తెలియనివాళ్లకి పంపే వాక్యమే వాడికీ పంపాను. విడిగా ప్యాకేజీ చేసి పంపండి అని. నేను ఎత్తుకు పెంచిన పిల్లాణ్ని మీరు అన్నాను.

వాడు పోయాక నోటు తెరిచాను. అక్కా, నువ్వన్నదే రైటు, కానీ విడదీసే ఓపిక నాకిప్పుడు లేదు, ఈ ఒక్కటీ నువ్వు చేసిపెట్టు అని ఉంది.

నాకు పంపిన మర్నాడు ఏం కొట్టాడో ఇవాళ లాప్‌టాప్‌లో చూశాను. నా జవాబు చదివి, విడి ప్యాకేజీకి కొత్త ఫోల్డరు తెరిచాడు. చీటీ మొదలుపెట్టాడు. కావలసినవి అన్నచోట మొదటి పేరు సగంలో ఆగిపోయింది.

మిగతాది నేను పూర్తిచేశాను. పది నిమిషాలు పట్టింది.