అమ్మ మోకాళ్లు, గుంట మగ్గం

నాయినా,

నువ్వు పోయి ఏడాదయింది. అమ్మతో వేగలేక రాస్తున్నాను.

పోయిన వారం ఆమెను మోకాళ్ల డాక్టరుకు చూపించాను. గద్వాల నుంచి బస్సులో దారంతా "అవ్వో, సస్తున్న" అని మూలిగిన మనిషి, ఆయన ముందు కూర్చోగానే, "నొప్పా? నాకేం లేదు సార్. నా బిడ్డనే పరేషాన్ అయితది" అంది. మగ్గం మానేయమంటాడని ఆమె భయం. నాకు ఒళ్లు మండింది.

ఆయన ఎక్స్‌రే చూసి కీళ్లు అరిగాయన్నాడు. ఆపరేషన్ ఇప్పుడే వద్దట. ముందు తొడలకు బలమిచ్చే వ్యాయామం చేయాలి, నొప్పి ఎక్కువైతే బిళ్లలు, అప్పటికీ తగ్గకపోతే ఇంజెక్షన్ సంగతి చూద్దామన్నాడు. మగ్గం కూడా మానక్కర్లేదు కానీ, కాళ్లు దించి తొక్కే గుంటలోకి దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు ఏదైనా పట్టుకోవాలన్నాడు.

"పట్టుకోనీకి మా ఆయన చెయ్యి ఇస్తుండె సార్," అంది అమ్మ. "పోయిండు."

మర్నాడే గుంట పక్కన ఇనుప కడ్డీ పెట్టించాను. నీ బదులు కడ్డీ పెట్టినట్టయిందా అని రెండు రోజులు నాలో నేనే నలిగిపోయాను. ఆమె మాత్రం దాని మీద తడి తువ్వాల ఆరేసింది. వ్యాయామం చేయమంటే, "పొద్దంతా కాళ్లతోనే తొక్కుతున్న, ఇంక గదేంది?" అంటుంది.

పొద్దున నేను కాలేజీకి బయల్దేరే వేళకే కేక.

"ఓ బిడ్డా, జర చెయ్యియ్యి!"

"కడ్డీ ఉంది కదమ్మా!"

"అది సల్లగుంటది."

రోజూ మొదటి క్లాసుకు ఆలస్యమే. విసుక్కుంటూనే చెప్పులు విప్పి లోపలికి పోతున్నాను.