రూతక్క రిటర్ను నింపినోడు ఎవడు?

దేవదానమన్నా, తప్పు నీదే. "చదవను రాయను వచ్చినోడు ఎవడైనా రిటర్ను నింపొచ్చప్పా, దానికి అర్హతలు యాల?" అని నాతో వాదించి, గెలిచినోని మాదిరి పోయినావు.

ఈ పొద్దు నీ జ్ఞాపకార్థ కూటం. అందరూ నిన్ను పొగిడినారు. నేను మాత్రం నువ్వు చదవవని తెలిసీ ఈ జాబులో నీతో కొట్లాటకు కూర్చున్నా.

ఇన్నేళ్లూ నీ భార్య రూతక్క పన్ను రిటర్ను నువ్వే నింపితివి. నువ్వు పోయినాక రూతక్క నందికొట్కూరులో ఒక నెట్ సెంటరుకు పోయింది. అది నడిపేటోడు, లేని ఇంటి లోను ఉన్నట్టు రాసి, రీఫండు పెంచినాడు. ఫోన్ నంబరు కూడా తనదే పెట్టినాడు. పన్ను ఆఫీసు నోటీసు ఇంటికి వచ్చేదాకా ఆమెకు ఏమీ తెలీదు. ఇద్దరం పోయి నిలదీసినాం.

"నాకేం సంబంధమక్కా? పేరు నీది, పాన్ నీది."

"నువ్వేం చదివినావప్పా?" అన్నా.

"దీనికి చదువు కావాలని యాడ రాసిండారు సార్?"

నిజమే, యాడా రాయలేదు. సూది వేసేదానికి రూతక్క నర్సు పరీక్ష పాసు కావాల్సి వచ్చింది. ఆమె పేరున అబద్ధం రాసేదానికి ఏ పరీక్షా లేదు.

చర్చి అరుగు మీద నువ్వు రూతక్కకు ఒక్కో అంకె చదివి వినిపించి, "ఇది నిజమేనా?" అని అడిగినాకే పంపేవాడివి. అందరూ అట్లే అడుగుతారనుకున్నావు. అడగరన్నా.

రేపు పన్ను ఆఫీసులో రూతక్క జవాబుతో పాటు ఈ కోరికలూ ఇస్తాండాం:

ఇతరుల రిటర్ను నింపేవాడు పరీక్ష పాసు కావాల.
ఆ చదువు తెలుగులో, మన మండలాల్లోనే చెప్పాల.
నింపినోని పేరు రిటర్ను మీద ఉండాల.
తప్పుడు రాతకు వాడూ జవాబు చెప్పాల.
పంపే ముందు, పన్ను కట్టే మనిషికి అంతా చదివి వినిపించాల.