ప్రసన్నకుమార్ కారు షెడ్డు దాటిన సంగతి

పర్చూరు,
సోమవారం.

తమ్ముడు ప్రసన్నకుమార్‌కి,

దేవుని కృప వల్ల అందరం క్షేమం. ఫోన్లో నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి ఇలా రాస్తున్నాను.

ఇద్దరే కూర్చునే నీ పాత రేసు కారు రెండేళ్లుగా మా రేకుల షెడ్డులో ఉంది. నువ్వు చెప్పినట్టే చక్రాలు నేలకు ఆనకుండా దిమ్మల మీద నిలబెట్టాం. వారానికోసారి మెత్తని గుడ్డతో తుడిచాను. మంచాన పడ్డ మా అత్తగారిని కూడా అంత సుతారంగా తుడవలేదు.

మంగళవారం మబ్బు పట్టింది. కళ్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. తడిస్తే బూజు పట్టి ఏడాది కష్టమంతా పోతుంది. షెడ్డు ఖాళీ చేస్తామని మీ బావగారు ఫోన్ చేస్తే, "కాయల మీద పట్టా కప్పు బావా, కారుకి తేమ తగిలితే తుప్పు పడుద్ది" అన్నావు. ఇనుముకి పైకప్పు, పంటకి పట్టా! బావమరిది మాట కాదనలేక ఆయన నిలబడిపోయారు. నేను కాదన్నాను.

కాయలు కోయడానికి వచ్చిన ఆడకూలీలు ఆరుగురు దిమ్మలు తీసి కారును బయటికి తోశారు.

"ఏందమ్మా, మనం తోస్తేగానీ కదలందానికి కారని పేరు కూడానా?" అంది బుల్లెమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మూడు రోజులు వాన కురిసింది. షెడ్డులోకి చేర్చిన కాయలు పొడిగా ఉన్నాయి. కారు వానలోనే ఉంది.

నిన్న చర్చి కూడికలో నీ కారు కోసం ప్రార్థన చేయించాలని లేచాను. చెప్పబోతే సిగ్గేసింది. దాని బదులు నీ పేరు చెప్పి కూర్చున్నాను.

మీ అక్క