డ్యూటీ మారేటప్పుడు నువ్వడిగే ప్రశ్న

మేరీ అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. వార్డు ఇన్‌ఛార్జి కుర్చీలో ఇప్పుడు నేనున్నాను. డ్యూటీ మారేటప్పుడు నువ్వు ప్రతి నర్సునీ "ఇవాళ ఎక్కడ భయమేసింది?" అని అడిగేదానివి. నాకంత ఓపికెక్కడిది? మానేశాను. అందరూ హిందీలో "సబ్ ఠీక్ హై సిస్టర్", అంతా బాగానే ఉందని అనేసి వెళ్లిపోతున్నారు.

పొద్దున ఒక ముసలాయనకి పెట్టిన ఆక్సిజన్ అయిపోవస్తోందని, మోవా పేట నుంచి వచ్చే కొత్త నర్సు సునీతకి తెలుసు. నేను తిడతానని చెప్పలేదట. ఆయన పెదాలు నీలం తిరిగాక నేనే చూసి, పరిగెత్తి సిలిండర్ మార్చాను. బతికాడు.

మధ్యాహ్నం డ్యూటీ మారేటప్పుడు నీ ప్రశ్నే అడిగాను. అందరూ మళ్లీ "సబ్ ఠీక్ హై" అన్నారు. సునీత మాత్రం "మరి మీకో, సిస్టర్?" అంది హిందీలో. రిజిస్టర్ మూసేసి, నీకీ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

ఆ నీలం పెదాలు చూసినప్పుడు భయమేసింది నాకు. నీకు భయమేస్తే ఎవరికి చెప్పుకునేదానివి అక్కా? నాకు నువ్వు కూడా లేవు.