మట్టి తొక్కే గచ్చు

కాలువ వీధి చివర కుండలు చేసి బతికే నేను, నా పథ్యం తిండి చూసి వీధిలో అందరూ చప్పిడి మేస్త్రీ అని పిలిచే నేను, ఈ వీలునామాను దస్తావేజులు రాసే లేఖరికి చెప్పి రాయిస్తున్నాను. నా బుద్ధి సరిగ్గానే ఉంది. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, బతిమాలనూ లేదు. చూపు తగ్గింది గనుక రాసింది నేను చదవలేను. లేఖరి చదివి వినిపించాక సంతకం చేస్తాను. "పెద్దాయనా, వీలునామాలో వంటింటి సంగతులెందుకండీ?" అని ఆయన అడ్డుచెప్పాడు. రాయమన్నాను. రాస్తున్నాడు.

దీన్ని అమలు చేసే బాధ్యత మందుల షాపు నడిపే నా బావమరిదికి ఇస్తున్నాను. అతను ఎవరి మీదా జాలిపడి ఏదీ మార్చకూడదు.

1. నా స్వార్జితమైన రెండు గదుల ఇల్లు, వసారా, పెరడు నా తదనంతరం నా భార్యకు సర్వహక్కులతో చెందాలి. ఆవిడ ఉన్నంతకాలం పిల్లలు పంపకం మాట ఎత్తకూడదు.

ఆవిడకు ఇంకొకటి కూడా చెందాలి. షుగర్ ఉందని తేలినప్పుడు నాకు ఒక మాత్ర ఇచ్చారు. ఆ రోజే ఆవిడ చక్కెర డబ్బా పక్కింటివాళ్లకు ఇచ్చేసింది. ఆ తర్వాత చాలా ఏళ్లు జబ్బు ఉన్నట్టే అనిపించలేదు. తర్వాత మాత్రలు రెండయ్యాయి. అవి చాలక ఇంకో రకం కలిపారు. అదీ చాలక సూది వచ్చింది. మందు పెరిగిన ప్రతిసారీ ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చి వంటింట్లో తప్పు వెతుక్కునేది. అన్నం ఎక్కువ పెట్టానా, పండు ఇవ్వకుండా ఉండాల్సిందా అని. కూతురి పెళ్లిలో నేను తిన్న మిఠాయి ముక్క దాకా వెళ్లేది ఆ వెతుకులాట. సూది మొదలుపెట్టిన రోజు డాక్టరమ్మ ఆవిడను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "చూడమ్మా, ఈ జబ్బు మొదలైన చోటే ఉండిపోదు. ఎంత పథ్యం చేసినా చాలామందికి ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఏటేటా తగ్గుతూ వస్తుంది. నువ్వు వండిన తీరు వల్లే ఇది ఇన్నాళ్లు ఆగింది" అంది. ఆవిడ తలూపింది. ఇంటికొచ్చి మళ్లీ గరిటెలు లెక్కపెట్టింది. కనుక పత్రం మీదే రాయిస్తున్నాను. నా జబ్బు ముదరడంలో నా భార్య తప్పు ఏమీ లేదు. ఈ మాటను ఎవరూ కాదనకూడదు, ఆవిడతో సహా.

2. మా అన్నయ్యకు ఏమీ రాయడం లేదు. పెరటిగోడ తగువు మనసులో పెట్టుకుని కాదు. ఏ పెళ్లికి వెళ్లినా నలుగురి ముందు నా పళ్లెంలో తీపి పెట్టి, "తినరా, ఒక్కదానికే పోతావా? పోతే మోయడానికి నేను లేనూ?" అని అందరినీ నవ్వించేవాడు. ఇప్పుడు నన్ను మోస్తున్నది నా ఒక్క కొడుకు, మా పెద్దోడు. అన్నయ్యకు మోకాళ్ల నొప్పులట.

3. కుండలు తిప్పే సారె, కాల్చే ఆవం, పాక, కొట్టే చెక్కలు, దుకాణాలతో ఉన్న వాడుక, అన్నీ నా కొడుకుకు చెందాలి. మట్టి వాడి చేతుల్లో లేచినట్టు నా చేతుల్లో ఎప్పుడూ లేవలేదు. ఈ మాట వాడితో అనలేదు, నెత్తికెక్కుతుందని.

4. పాక వెనక ఉన్న మట్టి తొక్కే గచ్చు, మట్టి నానబెట్టే గుంట, అక్కడికి వెళ్లే దారి మాత్రం నా కూతురికి చెందాలి. పెద్దోడు ఆ గచ్చులో కాలు పెట్టకూడదు.

గచ్చు లేని పాకతో ఏం చేసుకోవాలని వాడు అడుగుతాడు. అందుకే వివరం రాయిస్తున్నాను. మేం వట్టి కాళ్లతో మట్టి తొక్కేది మెత్తబడటానికే అని చూసేవాళ్లు అనుకుంటారు. అరికాలితో రాళ్లు వెతకడం అందులో సగం పని. కందిగింజంత రాయి తగిలినా వంగి తీసి పారేస్తాం. అది మిగిలిపోతే కుండ ఆవంలో సరిగ్గా అక్కడే పగులుతుంది. నేను రెండు మాత్రలు వేసుకునే రోజుల్లో మా కుండలు పగలడం మొదలైంది. ఇంటిల్లిపాదీ మట్టిని తిట్టాం, కట్టెలను తిట్టాం. ఒకరోజు కూతురు గచ్చులో దిగి, నేను తొక్కడం అయిపోయిందన్న మట్టిలోంచి దోసెడు రాళ్లు తీసింది. "నాన్నా, ఇవి నీకు తగల్లేదా?" అంది. తగల్లేదు. నొప్పి ఉంటేనే జబ్బు అనుకునేవాళ్లం. నొప్పి తెలియకపోవడం కూడా జబ్బేనని మాకు తెలియదు. పాదం మీద పుండు, రెండు వేళ్లు తీసేయడం, చూపు, మూత్రపిండాలు, అన్నీ దాని వెనకే వచ్చాయి.

పోయిన వానాకాలంలో పెద్దోడు మట్టి తొక్కి వసారాలోకి వచ్చాడు. వాడి వెనక నేల మీద ఎర్రగా ఏదో నాకు మసకగా కనిపించింది. పెంకుముక్క ఒకటి మడమలో దిగబడి ఉంది. వాడు దాని మీదే నడిచొచ్చి, "ఏం నాన్నా, టీ తాగావా?" అన్నాడు. చూపిస్తే పీకి పారేసి, "మట్టి తొక్కే కాళ్లు కదా, మొద్దుబారాయిలే" అని నవ్వాడు. చెంబుడు నీళ్లు గడగడా తాగి మళ్లీ చెంబు ముంచాడు. ఆ నెల ఆవంలో మళ్లీ కుండలు పగిలాయి. పరీక్ష చేయించుకోరా అంటే, "నాకేంటి నాన్నా, గుండ్రాయిలా ఉన్నాను. నువ్వు నన్ను కూడా చప్పిడిగాణ్ణి చేసేలా ఉన్నావు" అంటాడు. కోడలికి ఈ సంగతి తెలియదు.

కూతురికి రాసిచ్చి కొడుకును బయటికి నెట్టాడని నలుగురూ అంటారు. అననీయండి. చెల్లెలు తొక్కిన మట్టితో అన్న కుండ చేయాలి. వచ్చింది ఇద్దరూ సగం సగం తీసుకోవాలి. కూతురు ఒప్పుకుంది. కారణం నేను చెప్పలేదు. అది అడగలేదు కూడా. దానికి తెలుసనుకుంటాను.

5. ఇంట్లో ఫ్రిజ్ లేని రోజుల్లో సూదిమందు కోసం ఒక కుండలో ఇంకో కుండ పెట్టి, మధ్యలో ఇసుక పోసి తడిపేవాణ్ణి. మండుటెండల్లో కూడా మందు చల్లగా ఉండేది. ఆ కుండల జతను ఆసుపత్రిలో నాకు సూది వేసుకోవడం నేర్పిన నర్సమ్మకు ఇవ్వాలి. మొదటిసారి నేను సూదిని గట్టిగా గుచ్చబోతే, "కుండకు చిల్లు పెడుతున్నావా తాతా, మెల్లగా" అంది. ఫ్రిజ్ లేనివాళ్లు వస్తే వాళ్లకు ఇస్తుంది. ఆ జత ఇంట్లో ఎవరికీ రాయలేదు. పెద్దోడికీ సూది తప్పదన్నట్టు వాడి పేరు చెప్పడానికి నోరు రాలేదు.

6. వీలునామా మనిషి పోయాక తెరిచేదని లేఖరి అంటున్నాడు. నేను పోయేదాకా ఆగితే ఆస్తికి నష్టం లేదు. వాడి కాలికి ఉంది. నన్ను బండి మీద కూర్చోబెట్టి ఇక్కడికి తోసుకొచ్చింది వాడే. బయట బెంచీ మీద ఉన్నాడు. నేను నోటితో చెబితే నవ్వేస్తాడు. సంతకాలున్న కాగితం చూసి నవ్వలేడు. కనుక సంతకాలు కాగానే వాణ్ణి లోపలికి పిలిచి నాలుగో అంశం చదివి వినిపించాలి. చదివేటప్పుడు నన్ను బయట కూర్చోబెట్టాలి.

తేదీ: రెండు వేల పందొమ్మిది, జూలై పదకొండు, గురువారం.

సంతకం: కాలువ వీధి కుండల మేస్త్రీ

సాక్షులు:
స్టాంపులు అమ్మే ఆయన
ఎదుటి టీ కొట్టు ఆవిడ

రాసినవాడి గమనిక: ఆరో అంశం ప్రకారం మేస్త్రీని బయట కూర్చోబెట్టి, కొడుకుకు నాలుగో అంశం చదివి వినిపించాను. నిలబడే విన్నాడు. విన్నాక కుర్చీలో కూర్చుని, చెప్పు విప్పి, అరికాలిని చేతి బొటనవేలి గోటితో నొక్కి చూసుకున్నాడు. ఇంకా గట్టిగా నొక్కాడు. తర్వాత రెండో చెప్పు కూడా విప్పాడు.

లేఖరి