తంగేడు చెల్క కాటమయ్యకు దక్కదు

కట్టంగూర్ కాపురస్తురాలిని, కీర్తిశేషుడు గురవయ్య భార్యను, మారెమ్మ అనే నేను రాయిస్తున్న వీలునామా. కాళ్ళు వాచాయి, దగ్గు ఆగడం లేదు. మతి మాత్రం చెక్కుచెదరలేదు. ఎవరు నాకేం చేశారో పేరుపేరునా చెప్పగలను. ఎవరి బలవంతమూ లేకుండా ఇది చెబుతున్నాను. అమలు జరిపే బాధ్యత కుమ్మరి పోచయ్యది. నా పెద్దకర్మ ముగిసి, అందరూ అన్నాలు తిని కూర్చున్నాక చదివి వినిపించాలి. అంతకుముందు ఎవరికీ చూపకూడదు.

1. వాగు ఒడ్డున ఉన్న మెట్ట భూమి, తంగేడు చెల్క, మా నాయిన నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చింది. మెట్టినింటివాళ్ళకు అందులో జానెడు జాగా లేదు. చెల్క, అందులోని తంగేడు, గునుగు, గట్టు మీది మోదుగ చెట్లు సర్వహక్కులతో నా ఒక్కగానొక్క బిడ్డ బిక్షమ్మకు చెందాలి. దున్నకుండా బీడు పెట్టానని ఊరంతా నవ్వింది. బతుకమ్మ పండుగ వచ్చేసరికి ఆ నవ్వినవాళ్ళే గంపలు పట్టుకుని వచ్చేవాళ్ళు.

2. నా మరిది కాటమయ్య భార్య శ్యామలమ్మకు నా నల్లమేకను ఇస్తున్నాను. కారణం కూడా రాయాలి. బిక్షమ్మ మొగుడు పోయి నా దగ్గరికి వచ్చిన ఏడు, పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, పొద్దున్నే లేచి వాడకంతటికీ పూలు తెంచి ఇచ్చింది. శ్యామలమ్మ గంప నింపింది కూడా నా బిడ్డే. తనూ ఒక చిన్న బతుకమ్మను పేర్చి అందరి పక్కన పెడితే, శ్యామలమ్మ దాన్ని ఎత్తి దొడ్లో పడేసింది. "ముండమోసినదాని బతుకమ్మ మా నడుమ ఎందుకే? పెండ్లి చేసి పంపినంక అది పరాయింటిది, మా ఇంటిది కాదు" అన్నది. కాటమయ్య అరుగు మీద చుట్ట కాలుస్తూ చూశాడు. మేక ఆ పూలు తిన్నది. ఆ రోజు నుంచి నా బిడ్డ పాట పాడలేదు. ఆ గొంతు తలుచుకుని ఇప్పటికీ ఏడుస్తాను. పూల విలువ శ్యామలమ్మ కంటే ఆ మేకకే ఎక్కువ తెలుసు. దాని దగ్గర నేర్చుకోవచ్చు.

3. తోళ్ళ పని చేసే ఏసోబు, పూత అయిపోయాక, తోలు పదును చేయడానికి ఏటా తంగేడు చెక్క తీసుకోవచ్చు. నేను జ్వరంతో పడి ఉంటే అయినవాళ్ళు తొంగిచూడలేదు. అతను జొన్న గట్క వండించి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి పోయేవాడు. వాళ్ళ కూడు తిన్నానని శ్యామలమ్మ ఊరంతా చాటింది. తిన్నాను. కమ్మగా ఉంది.

4. పూలు ఎవరైనా తెంచుకోవచ్చు, కులం అడగకూడదు. కాటమయ్య ఇంటివాళ్ళు మాత్రం బిక్షమ్మ చేత్తో ఇస్తేనే తీసుకోవాలి. ఇవ్వడం ఆమె ఇష్టం. ఇవ్వొద్దనే నా సలహా.

5. నాకు కొడుకు లేడు. "వదినెకు కొరివి పెట్టేది నేనే, చెల్క నాదే" అని కాటమయ్య పెద్దమనుషుల ముందు ఒట్టు వేశాడు. కొరివి అతనే పెట్టాలి, నాకేమీ అభ్యంతరం లేదు. కొరివి పెట్టినవాడి ఇంట్లో ఏడాదిదాకా పండుగ ఉండదన్న సంగతి చెల్క మీది ఆశలో అతనికి తట్టలేదు. నేను గుర్తు చేయలేదు. నేను ఎప్పుడు పోయినా, ఏడాదిలోపు ఒక సద్దుల బతుకమ్మ రాక తప్పదు. ఆనాడు శ్యామలమ్మ బతుకమ్మ ఎత్తకూడదు, ఆడేవాళ్ళలో కలవకూడదు.

6. బిడ్డా బిక్షమ్మా, వాళ్ళన్నది నిజమే. నువ్వు పరాయింటి పిల్లవు. కన్నతల్లి పోయినా నీకు మైల మూడు రోజులే. సద్దుల నాడు తలంటుకుని, మన చెల్కలో తంగేడు తెంచి, నడుమెత్తు బతుకమ్మను పేర్చి శ్యామలమ్మ గుమ్మం ఎదుట పెట్టు. ఈసారి ఎత్తి పడేయడానికి ఆమె బయటికి రావడానికి వీలుండదు. అమ్మ లేదని గొంతు తగ్గించకు. గట్టిగా పాడు.

వృష నామ సంవత్సర భాద్రపద బహుళ పంచమి, ఫసలీ 1350.

మారెమ్మ, వేలిముద్ర.

రాసినవాడు: యోహాను.

సాక్షులు:
పోచయ్య, సంతకం.
సైదమ్మ, వేలిముద్ర. శ్యామలమ్మను కన్నతల్లి. కూతురు పాలు మరవకముందే మొగుడు పోయి, అప్పటి నుంచి బతుకమ్మను తలుపు సందులోంచే చూసినది.